కోళ్ళగూటి తలుపు
(చేతిపని పాఠము – తల్లిదండ్రుల కొఱకు)

మన బడిలో వారమున కొకమారు చేతిపని తరగతి జరుగుచున్నది. ఈ యేడు ఆ తరగతిలో ఏడవ, ఎనిమిదవ తరగతుల పిల్లలచేత బడి కోళ్ళగూటికి ఒక గట్టి చెక్కతలుపు చేయించితిమి. ఇంత చిన్న పనిని గూర్చి వార్షిక సంచికలో ఇన్ని పుటలు వ్రాయనేల యని కొందరు తల్లిదండ్రులు తలంపవచ్చును. మా సమాధానము రెండు మాటలలో చెప్పెదము. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలోని మన యిండ్లలో ఇప్పటికిని అనేకులు నాలుగైదు కోళ్ళను పెంచుచున్నారు. వాటిలో దొంగల పాలగునవి కొన్నియైతే, తలుపు సరిలేక పోవునవి అంతకంటె ఎక్కువ. ఇది మొదటి కారణము. ఒక తలుపును సరిగా చేయుటలో గణితము, రేఖాగణితము, ప్రకృతిశాస్త్రము, మాతృభాష నాలుగును కలిసియున్నవి. ఇది రెండవది. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసభలో గాంధీమహాత్ముడు చేతిపని మూలముగా, మాతృభాషలో చదువు చెప్పవలెనని కోరినప్పుడు ఆయన మనసులోనున్నది ఇట్టి పాఠమే యని మా విశ్వాసము.

మా మొదటి తలుపు

మొదట మా తప్పును చెప్పుకొందుము. మేము చేసిన మొదటి తలుపు చూచుటకు చక్కగానే యుండెను. ఆరు నిలువు పలకలు, రెండు అడ్డపట్టీలు, వాటి నడుమ ఏటవాలుగా ఒక పట్టీ. రెండు నెలలు గడచునప్పటికి గడియ వైపు మూల క్రిందికి జారి తలుపు గడపకు రాచుకొన నారంభించెను. మేము కారణమును వెదకక, అడుగు అంచును చిత్రికపట్టి తగ్గించితిమి. మరల జారెను, మరల తగ్గించితిమి. పిమ్మట ఒకనాడు వదులైన బందులను బిగించి తలుపును యథాస్థానమునకు ఎత్తగా, చెక్కివేసిన మేర అడుగున ఒకటిన్నర అంగుళముల సందు ఏర్పడెను. ‘పరవాలేదు, వచ్చే వారము ఒక పట్టీ కొట్టుదము’ అనుకొంటిమి.

ఆ వారములోనే ఎనిమిదవ తరగతి బాలిక యొకతె అవ్వ, బడి పిల్లలు చూచి సంతోషింతురని తన పిల్లలకోడిని, పదునొకండు పిల్లలతో సహా, మా గూటికి పంపినది. మూడవనాటి ఉదయము నాలుగు పిల్లలే మిగిలినవి. గడప ముందరి మెత్తని మంటిపై పందికొక్కు అడుగులు స్పష్టముగా కనబడినవి. తల్లికోడి మూలకు ఒదిగి, ముక్కు తెరచి రొప్పుచుండెను. వార్త తెలిసి అవ్వ స్వయముగా వచ్చి తలుపును ఇటునుండి అటు తడిమి చూచి, “అయ్యవారూ, తలుపు పెట్టినారు, బాగుండాది. కింద సందు చూసినారా? పందికొక్కు అల్లుడి మాదిరి దర్జాగా దూరిపోతాది” అన్నది. పిదప ఏటవాలు పట్టీపై వ్రేలుంచి, “ఈ ఐమూల చెక్క తలకిందులుగా కొట్టినారు. మా ఇంటాయన ఉండి ఉంటే ఒప్పుకోడు” అన్నది. ఆమె భర్త జీవితమంతయు వడ్రంగము చేసినవాడు.

కోపపడియుండిన మాకు అంత సిగ్గు కలిగెడిది కాదు. ఆ దినమున మేము రెండు విషయములు నేర్చితిమి. తలుపు జారుట విధి కాదు, లెక్కలోని పొరపాటు. రెండవది, మేము తరగతిలో ‘క్రాస్ పీసు’ అని పలుకుచుండిన దానికి ‘ఐమూల చెక్క’ అను చక్కని తెలుగు మాట ఆ యింట ఇంకను బ్రదికియున్నది. క్రింది పాఠము ఆ పిమ్మట చేసిన రెండవ తలుపును గూర్చినది.

నాలుగు పుల్లల పాఠము

నాలుగు కందిపుల్లలను చదరముగా పేర్చి మూలలయందు దారముతో కట్టించితిమి. ఒక మూలను పట్టి నెట్టగానే చదరము ఒరిగిపోయెను. మూడు పుల్లలతో త్రికోణము కట్టించితిమి. అది ఎంత నెట్టినను రూపము మారలేదు. తలుపునకు ఐమూల పట్టీ కొట్టుట ఆ చదరమును రెండు త్రికోణములుగా చేయుటకే.

అయితే ఏ మూలనుండి ఏ మూలకు కొట్టవలెను? తలుపు బరువంతయు బందుల వైపు వ్రేలాడుచుండును. గడియ వైపు పైమూల క్రిందికి దిగవలెనని యత్నించును. ఆ మూలను క్రిందినుండి ఎత్తిపట్టునది కావలెను. కావున పట్టీ బందుల వైపు క్రింది మూలలో పాదము మోపి, గడియ వైపు పైమూలకు ఎక్కవలెను. అప్పుడు బరువు పట్టీ గుండా దిగి క్రింది బందునకు చేరును. పట్టీ నొక్కుడునకు లోనగును. కఱ్ఱ నొక్కుడును బాగుగా ఓర్చును. తలక్రిందులుగా కొట్టినచో పట్టీ లాగబడును. ఆ లాగుడు నంతయు మేకులే భరింపవలసివచ్చి, కొలదికొలదిగా వదులగును. మా మొదటి తలుపునకు జరిగినది ఇదే.

పట్టీ క్షితిజ రేఖతో 45 డిగ్రీలకు తక్కువ కోణము చేయరాదు. అంతకు తగ్గినచో ఎత్తిపట్టు బలము తగ్గిపోవును.

కలప

మాకు దొరికినది వేప. మన ప్రాంతములలో సులభముగా దొరకును, పురుగు త్వరగా పట్టదు. టేకు మేలైనదే కాని కోళ్ళగూటికి అంత వెల పెట్టనక్కఱలేదు. మామిడి చవుక, కాని తడిసిన చోట త్వరగా చివుకును.

ఏ కలప యైనను ఆరినదై యుండవలెను. పచ్చికలపతో చేసిన తలుపు ఎండకాలములో పలకలు విడి సందులు పడును. పలకలను నీడలో, నడుమ పుల్లలుంచి, గాలి ఆడునట్లు కొన్ని నెలలు పేర్చియుంచవలెను. ఆరినదో లేదో తెలియుటకు పిల్లలు కనుగొన్న ఉపాయము సులభమైనది: ఒక పలకను తూచి బరువు వ్రాసియుంచి, వారము తరువాత మరల తూచుట. వానలేని దినములలో రెండు వారములు బరువు తగ్గకున్నచో పలక ఆరినట్లే.

కఱ్ఱ నిలువు నారవెంబడి దాదాపు పెరుగదు, తగ్గదు. అడ్డముగా మాత్రము వానకాలములో ఉబ్బి, వేసవిలో కుదియును. కావుననే ఎత్తు విషయములో నిశ్చింతగా నుండవచ్చును, వెడల్పు విషయములో చోటు విడువవలెను.

కొలతలు

మా గూటి ద్వారము వెడల్పు 24 అంగుళములు, ఎత్తు 36 అంగుళములు. కొలుచుటకు ముందు ద్వారబంధము మూలమట్టముగా నున్నదో లేదో చూడవలెను. రెండు ఐమూలలను కొలిచిన అవి సమానముగా నుండవలెను. పైథాగరస్ సిద్ధాంతమును బట్టి లెక్కించిన ఒక్కొక్కటి సుమారు 43¼ అంగుళములు రావలెను. మా ద్వారబంధమున ఒకటి 43, మఱియొకటి 43½ వచ్చినవి. అనగా చట్రము ఒరిగియున్నది. దానిని సరిచేసిన పిదపనే తలుపు కొలత తీసితిమి. ఒరిగిన చట్రమునకు చక్కని తలుపు ఎన్నటికిని అమరదు.

తలుపు నాలుగు వైపులను పావు అంగుళము చొప్పున సందు విడిచితిమి. కావున తలుపు వెడల్పు 23½, ఎత్తు 35½ అంగుళములు. అంగుళములో ఎనిమిదవ పాలును తమిళ వడ్రంగులు ‘నూల్’ అందురు. తెలుగులో నూలనగా దారమే కదా, ఆ మాటయు దారమే. ఒక నూలు సుమారు 3 మిల్లీమీటర్లు. మేము విడిచిన సందు రెండు నూళ్ళు.

కావలసిన చెక్కలు ఇవి. అన్నిటికిని మందము 1 అంగుళము.
నిలువు పలకలు 6: ఒక్కొక్కటి వెడల్పు 3 అంగుళముల 7 నూళ్ళు, పొడవు 35½ అంగుళములు.
అడ్డపట్టీలు 2: వెడల్పు 4, పొడవు 20½ అంగుళములు.
ఐమూల పట్టీ 1: వెడల్పు 4 అంగుళములు, పొడవు తలుపుపై పెట్టి గీసికొనవలెను.
ఆపుపట్టీలు: ద్వారబంధమునకు నాలుగు వైపులను సరిపడునట్లు, వెడల్పు 1 అంగుళము.

ఆరు పలకల వెడల్పు కలిపిన 23¼ అంగుళములే వచ్చును. మిగిలిన పావు అంగుళము పలకల నడుమ అయిదు సందులకు. పలకలను పేర్చునప్పుడు నడుమ నడుమ ఒక రూపాయి నాణెమును నిలిపితిమి. దాని మందమే సందు. వానకాలములో పలకలు ఉబ్బినను ఒకదానినొకటి నెట్టుకొని తలుపును వంకరపఱుపవు.

కూర్పు

పలకలను చదునైన నేలపై పేర్చి, పైనుండి 4 అంగుళములు, క్రిందినుండి 4 అంగుళములు విడిచి అడ్డపట్టీలను ఉంచవలెను. ఇరువైపులను ఒకటిన్నర అంగుళము విడువవలెను. తలుపు మూసినప్పుడు ఆపుపట్టీకి అడ్డపట్టీ తగులకుండుటకే ఈ విడుపు. పట్టీలున్న ముఖము గూటి లోపలి వైపునకు రావలెను. వెలుపలి ముఖము నున్నగా నున్నచో వాననీరు నిలువక జారిపోవును.

ఐమూల పట్టీ చివరలను ఊరక ఆనించి మేకులు కొట్టిన చాలదు. అడ్డపట్టీలో అర అంగుళము లోతు గాడి తీసి, పట్టీ చివరను ఆ గాడిలో బిగువుగా కూర్చవలెను. అప్పుడు బరువును మోయునది గాడియే కాని మేకు కాదు. గాడి పట్టీ చివరకు మరీ దగ్గరగా నుండరాదు. ఒకటిన్నర అంగుళమైన విడువనిచో చివర చీలిపోవును.

మేకులు రెండున్నర అంగుళములవి తీసికొంటిమి. పలక, పట్టీ కలిసి 2 అంగుళములు. మిగిలిన అర అంగుళము అవతలికి వచ్చును. దానిని నారకు అడ్డముగా వంచి సుత్తితో కొట్టి చెక్కలోనికి దిగగొట్టవలెను. ఇట్లు మడిచిన మేకు ఊడిరాదు. ఒక్కొక్క పలకకు ఒక్కొక్క పట్టీపై రెండు మేకులు, ఒకే గీతలో కాక ఎగుడుదిగుడుగా. ఒకే నారపై రెండు దిగినచో పలక చీలును. వేప గట్టిది గనుక ముందు బరమాతో సన్నని బెజ్జము చేసి మేకు కొట్టించితిమి. మేకు మొనను సుత్తితో కొంచెము మొద్దుచేసినను చీలిక తగ్గును.

బందులు, గడియలు

తలుపు బరువు సుమారు 14 కిలోలు. కావున చిన్న బందులు చాలవు. పొడవైన రెక్కగల టీ బందులు రెండు, ఒక్కొక్కటి 12 అంగుళములవి, సరిగా అడ్డపట్టీలకు ఎదురుగా వెలుపలి ముఖమున బిగించితిమి. ప్రతి బందునకు ఒక బోల్టును ఆరుపారుగా దింపి, నట్టును లోపలి వైపున బిగించితిమి. వెలుపలినుండి మరలు విప్పినను తలుపు ఊడిరాదు.

తలుపు వెలుపలికి తెరచుకొనవలెను. కుక్క వచ్చి నెట్టినప్పుడు తలుపు ఆపుపట్టీలకు ఆని నిలుచును. నెట్టినకొలది బిగియునే కాని గడియపై భారము పడదు. లోపలికి తెరచుకొను తలుపైనచో ఆ బలమంతయు ఒక్క గడియపై పడును. ఆపుపట్టీ వలన మఱియొక లాభము కలదు. మనము విడిచిన రెండు నూళ్ళ సందును అది లోపలినుండి కప్పును.

గడియలు రెండు కావలెను, ఒకటి పైన, ఒకటి క్రింద. నడుమ ఒక్కటే యున్నచో క్రింది మూలను కాలితో గీకి లాగిన చెక్క కొంచెము వంగి సందు ఇచ్చును. ఒక్క మేకుపై తిరుగు చెక్కముక్కను గడియగా నమ్మరాదు. అది కదలికలకు తానే తిరిగిపోవును. గొళ్ళెము వేసి, దానిలో చీల దూర్చవలెను. చీలకు దారము కట్టి తలుపునకే వ్రేలాడదీసినచో పోదు.

గడప నేలకంటె నాలుగంగుళముల ఎత్తున నుండవలెను. లోపలి పొట్టు, చెత్త తలుపునకు అడ్డుపడదు, అడుగు అంచు తడియదు. గడప క్రింద అడుగు లోతున రాళ్ళు పేర్చినచో పందికొక్కు త్రవ్వి రాలేదు. గాలికొఱకు తలుపులో కంతలు పెట్టనేల? గోడ పైభాగమున అర అంగుళపు కన్నుల గట్టి జాలీ బిగించిన చాలును. పలుచని కోళ్ళజాలీ కోళ్ళను లోపల నుంచుటకే పనికివచ్చును, పిల్లి గోళ్ళకు ఆగదు.

పూత, శుభ్రత

పలకల పై చివర, క్రింది చివర నీటిని ఎక్కువగా పీల్చును. కూర్పునకు ముందే ఆ చివరలకు అవిసె నూనె రెండు పూతలు పట్టించితిమి. ఇంటిలో మిగిలిన పాత రంగుడబ్బాలను వాడవలదని మా మనవి. పాత రంగులలో సీసము ఎక్కువ యుండవచ్చును. 2016లో చేసిన నియమముల ననుసరించి, 2017 నవంబరు నుండి గృహములకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించరాదు. కోళ్ళు రాలిన రంగుపొరలను ముక్కుతో పొడుచును. ఆ గ్రుడ్లను తినువారు మన పిల్లలే.

పగలు చెక్క సందులలో దాగి, రాత్రి కోడి రక్తము పీల్చు గోమార్ల బాధ మీరెఱిగినదే. పలకల సందులకు నెలకొకమారు కుంచెతో సున్నపునీరు పట్టించుట పిల్లల వంతుగా పెట్టితిమి. పని ముగించి సబ్బుతో చేతులు కడుగుకొనుట పాఠములో భాగము.

శత్రువుల విషయము

రాత్రి బావురుపిల్లి, పందికొక్కు, పగటివేళ ముంగిస, ఎప్పుడైనను కుక్కయు పామును కోళ్ళకు శత్రువులు. కొందరు విషము పెట్టుదురు, కొందరు ఉరులు ఒడ్డుదురు. ముంగిస, అడవిపిల్లి వంటివి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షింపబడినవి. వాటిని చంపుట నేరము. పైగా పెట్టిన విషము ఇంటి కుక్కకో, కోడికో చేరును. ముంగిస తన పొట్టకొఱకు వెదకుచున్నది. తలుపు మూయవలసిన పని మనది.

ఇంటిలోని మాటలు

పని సాగుచుండగా పిల్లలచేత ఒక మాటల పట్టిక వ్రాయించితిమి. మూడు భాషల కూడలియైన మన ప్రాంతమున ఈ పట్టిక వారికి మిక్కిలి వినోదము కలిగించెను. మన ఉలి తమిళులకును కన్నడిగులకును కొంచెము ఉచ్చారణ భేదముతో ఉళియే. మన సుత్తి కన్నడమున సుత్తిగె. మన రంపము తమిళమున రంబమ్. మేకును మనవారు మొల యనియు నందురు, కన్నడిగులు మొళె యందురు. తలుపు కీలును తమిళులును కీల్ అనియే పిలుతురు. పొరుగు భాష నేర్చినచో మన మాట పోవునను భయమునకు ఈ పట్టికయే సమాధానము. పోవునది వాడుక లేక పోవును. ఆ అవ్వ పలుకకపోయినచో ‘ఐమూల’ అను మాట మా తరగతికి చేరియుండెడిది కాదు.

మన రాజ్యాంగమునకు 1956లో చేర్చిన 350-ఎ అధికరణము, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. సౌకర్యము ప్రభుత్వము ఈయవచ్చును, పుస్తకము మేము చెప్పగలము. పనిముట్ల పేర్లు, కలప గుణములు, ఏ గాలికి ఏ వాన వచ్చునను తెలివి మాత్రము పుస్తకములలో కొంతయే యున్నది. మిగిలినది మీ యిండ్ల పెద్దల నాలుకలపై నున్నది.

తల్లిదండ్రులకు మనవి

రానున్న సెలవులలో ఈ క్రింది పనులు మీ పిల్లలచేత చేయింపుడు.

1. ఇంటిలోని ఒక తలుపు పొడవు, వెడల్పు, రెండు ఐమూలలు కొలిచి, లెక్కతో సరిచూచుట.
2. ఆ తలుపు ఏ కలపతో చేసినదో, ఎన్ని బందులున్నవో, ఎక్కడ అరిగినదో పెద్దల నడిగి తెలుగులో పది వాక్యములు వ్రాయుట.
3. మీ యింట గాని పొరుగున గాని వడ్రంగము, కమ్మరము, కుమ్మరము ఎఱిగిన పెద్దలున్నచో వారి పనిముట్ల పేర్లు వ్రాసికొని వచ్చుట.

ఉలియు రంపమును పట్టునప్పుడు పెద్దవారు దగ్గఱ నుండుట తప్పనిసరి.

రెండవ తలుపు బిగించి ఒక వానకాలము, ఒక వేసవి గడచినవి. గడప మీదికి అది జారలేదు. అవ్వ మరల వచ్చి పై మూలను పట్టి ఊపి చూచి, ఏమియు ననక, చీర చెంగులో మూటకట్టి తెచ్చిన పండ్రెండు గ్రుడ్లను మా పొదుగుకోడి క్రింద పెట్టి పోయినది. పది పిల్లలైనవి. ఈ సంచిక అచ్చునకు పోవునాటికి పదియు గూటిలోనే యున్నవి.